కర్నూలు పడమటి మండలాల వాతావరణం: పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు

కర్నూలు జిల్లాకు పడమట పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల చుట్టూ పరుచుకున్న మెట్ట భూములు ఆంధ్రప్రదేశ్‌లో అతి తక్కువ వాన పడే చోట్లలో ఒకటి. వ్యవసాయ శాస్త్రవేత్తలు పొరుగున ఉన్న అనంతపురం ప్రాంతంతో కలిపి దీన్ని అల్ప వర్షపాత మండలంలో చేర్చారు. సంవత్సరం మొత్తానికి ఇక్కడ కురిసేది సుమారు 550 నుంచి 650 మిల్లీమీటర్లు. లండన్ నగరంలో ఏటా కురిసే వాన కూడా దాదాపు 600 మిల్లీమీటర్లే. అయితే అక్కడది పన్నెండు నెలల మీదా సన్నసన్నగా, నూరు రోజులకు పైగా పడుతుంది. చల్లటి గాలిలో ఆ తడి త్వరగా ఆరదు. ఇక్కడ అదే నీరు సుమారు 40 రోజుల్లో పడిపోతుంది. మిగిలిన రోజులన్నీ ఎండ, గాలి. ఏడాదిలో ఈ ఎండకు, గాలికి ఆవిరి కాగల నీటిని లెక్కగడితే అది పడే వానకు రెండు మూడు రెట్లు ఉంటుంది. అందుకే ఇక్కడి రైతు వానను మిల్లీమీటర్లలో గుర్తుంచుకోడు. ఏ కార్తెలో పడింది, పడ్డాక ఎన్నాళ్లు ఎగ్గొట్టింది అన్నదే ఆయన లెక్క. శాస్త్రరీత్యా చూసినా ఈ సీమ వాతావరణాన్ని అర్థం చేసుకోవడానికి ఆ లెక్కే సరైనది.

వాన ఎందుకు తక్కువ

ఆదోని చుట్టుపక్కల నేల సముద్ర మట్టానికి 400 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. అటు అరేబియా సముద్రానికి, ఇటు బంగాళాఖాతానికి దాదాపు మూడు వందల కిలోమీటర్లు, అంతకు పైబడీ దూరం. నైరుతి గాలులు మోసుకొచ్చే తేమలో పెద్ద వాటా సహ్యాద్రి కొండల మీదే దిగిపోతుంది. కర్ణాటకలోని ఆగుంబెలో ఏటా 7,000 మిల్లీమీటర్లకు పైగా కురిసే వాన, కొండ దాటి బళ్లారి, ఆదోని వైపు వచ్చేసరికి అందులో పదో వంతు కూడా మిగలదు. కొండ దిగుతూ వేడెక్కిన గాలి పొడిబారి, మబ్బుల్ని తోసుకుపోతుందే తప్ప కురిపించదు. ఈశాన్య రుతుపవనాలదీ ఇదే కథ. అక్టోబరు నుంచి బంగాళాఖాతం తెచ్చే వాన నెల్లూరు, తిరుపతి వైపు దండిగా పడి, వెలికొండలు, నల్లమల దాటి ఇక్కడికి చేరేటప్పటికి పలచబడుతుంది. రెండు రుతుపవనాలూ చివరి అంచున మాత్రమే తాకే నేల ఇది. సంవత్సరపు వానలో దాదాపు మూడింట రెండు వంతులు జూన్ నుంచి సెప్టెంబరు లోపు పడుతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం అక్టోబరు, నవంబరు నెలలది.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోవడంతో నల్లమల అడవులు, నంద్యాల వైపు మాగాణి కొత్త నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. ఉమ్మడి జిల్లా సగటు వర్షపాతం 670 మిల్లీమీటర్లని పాత పుస్తకాల్లో కనిపించే అంకెలో నల్లమల వానలూ కలిసి ఉన్నాయి. పడమటి మండలాలకు ఆ సగటు ఎన్నడూ సరిపోలేదు. ఇప్పటి కర్నూలు జిల్లా అంటే చాలా మేరకు ఈ ఎండుసీమే.

ఎండాకాలం

ఫిబ్రవరి చివరికే ఎండ ముదురుతుంది. మార్చి గడిచేసరికి పగటి ఉష్ణోగ్రత 37, 38 డిగ్రీలకు చేరి, ఏప్రిల్, మే నెలల్లో 39, 40 దగ్గర నిలుస్తుంది. వడగాలి వీచే రోజుల్లో 43 దాటడం కొత్త కాదు. ఎత్తు వల్ల ఆదోని, పత్తికొండ కర్నూలు నగరం కంటే ఓ పిసరు నయమని ఇక్కడివాళ్లు చెబుతారు. రాత్రి పూట ఆ తేడా కొంత తెలుస్తుంది. పగటి పూట మాత్రం నల్లరేగడి చేలు నెర్రెలు విచ్చి, గుట్టల మీది బండలు సెగలు కక్కుతూ ఉంటే తేడా వెతుక్కోవాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత మే చివరి వారం నుంచి జూన్ మొదటి వారం దాకా ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. గాలిలో తేమ తక్కువ కాబట్టి కోస్తాలో మాదిరి చెమట ఉక్కపోత ఉండదు. ఒళ్లు తెలియకుండానే ఎండిపోతుంది. వడదెబ్బ ప్రమాదం అందులోనే ఉంది. ఉపాధి హామీ పనులకు పోయేవాళ్లు తెల్లవారుజామునే బయల్దేరి, ఎండ ముదిరే లోపు ఇల్లు చేరతారు.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు ఉరుములు, ఈదురుగాలులతో అకాల వానలు వస్తాయి. అప్పుడప్పుడు వడగళ్లు పడతాయి. అరటి, బొప్పాయి తోటలు ఒరిగిపోయేది, బయలు మీద గొర్రెల మందలు, వాటి కాపరులు పిడుగుపాటుకు బలయ్యేది ఈ వానల్లోనే. నష్టం చేసినా రైతు వీటిని కాదనుకోడు. ఒక్క మంచి వాన పడితే వేసవి దుక్కి చేసుకోవచ్చు. దుక్కి చేసిన నేల తర్వాతి వానను లోపలికి పీల్చుకుంటుంది.

తొలకరి

కేరళను జూన్ 1 ప్రాంతంలో తాకే నైరుతి రుతుపవనాలు వారం పది రోజుల్లో ఇక్కడికి చేరతాయి. మృగశిర కార్తె, ఏరువాక పున్నమి ఆ రోజుల్లోనే వస్తాయి. ముంగారు సాగుకు నాంది అదే. వేరుశనగ, పత్తి, ఆముదం, కంది, కొర్ర, సజ్జ, జొన్న మెట్టలో వేసే పైర్లు. బోరు నీళ్లున్న చోట ఉల్లి, టమాటా, మిరప పడతాయి.

విత్తనం వేయాలా వద్దా అన్న నిర్ణయం ఎంత సున్నితమైనదో చేను గట్టు మీద నిలబడితేనే తెలుస్తుంది. రైతు చేనులో జానెడు లోతు తవ్వి, అడుగు మట్టిని గుప్పిట్లో పట్టి నొక్కుతాడు. ముద్ద కట్టి, కింద పడేస్తే విడిపోయిందంటే పదును సరిపోయినట్టు. పైన తడిసి కింద పొడి మట్టి తగిలితే గొర్రు కట్టకూడదు. తొందరపడి వేస్తే మొలక భూమి పైకి వచ్చి ఎండకు మాడిపోతుంది. విత్తనం ఖర్చు మళ్లీ మొదటికొస్తుంది. ఆగితే అదను దాటుతుంది. వేరుశనగకు జూలై రెండో పక్షం దాటితే దిగుబడి తగ్గుతుందని అందరికీ తెలుసు. ఒకే ఊరిలో ఒక చేనుకు పదునై, పొలిమేర అవతల చేనుకు కాకపోవడం ఏటా చూసేదే. రెండు వానల మధ్య ఎడం ఇరవై రోజులు దాటిందంటే రెండోసారి విత్తిన చేలు ప్రతి ఊళ్లో కనిపిస్తాయి.

నేలను బట్టి కూడా వాన విలువ మారుతుంది. పత్తికొండ, తుగ్గలి, దేవనకొండ వైపు ఎర్రనేలలు ఎక్కువ. అవి త్వరగా తడుస్తాయి, త్వరగా ఆరతాయి. పది రోజులకొక జల్లు పడుతుంటేనే పైరు నిలుస్తుంది. ఆదోని, ఆలూరు, ఎమ్మిగనూరు వైపు నల్లరేగడి విస్తారం. దానికి ఒకేసారి గట్టి వాన కావాలి. తాగిన నీటిని వారాల తరబడి దాచుకుంటుంది. ఒకే వాన ఎర్రనేల రైతుకు మేలు చేసి రేగడి రైతుకు చాలకపోవడం, లేదా ఇందుకు తలకిందులుగా జరగడం మామూలు.

తొలకరికి ఈ సీమలో మరో ఆశ ముడిపడి ఉంది. తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, మద్దికెర ప్రాంతాల ఎర్రమట్టి చేలలో గట్టి వాన పడ్డ మర్నాడు వజ్రాల కోసం జనం బారులు తీరతారు. వానకు పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి. వంగి, ఒక్కో గులకరాయినీ ఎండకు ఎత్తి చూస్తూ పొద్దస్తమానం చేలలో తిరుగుతారు. చుట్టుపక్కల జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి కూడా కుటుంబాలు వచ్చి చెట్ల కింద మకాం పెడతాయి. దొరికిన ఒకరిద్దరి వార్త పత్రికల్లో వస్తుంది. విత్తనం పడాల్సిన చేనులో వందల మంది తొక్కిడి వద్దని బతిమాలే రైతులూ అక్కడే ఉంటారు.

నడిమి బెట్ట

బయటివారికి వానాకాలమంటే జూలై. పత్తికొండలో జూలై అంటే గాలి. జూన్ నడుమ నుంచి ఆగస్టు నడుమ దాకా పడమటి గాలి ఎడతెరిపి లేకుండా వీస్తుంది. మబ్బులు కమ్ముకుని చినుకు రాలకుండా తూర్పుకు పోతాయి. ఆస్పరి, పత్తికొండ వైపు గుట్టల మీద గాలిమరలు వెలిసింది ఈ గాలి బలాన్ని నమ్ముకునే. పైరుకు మాత్రం ఇదే గండం. ఆరుద్రలో మొలిచిన వేరుశనగ పునర్వసు, పుష్యమి కార్తెల్లో పూత, ఊడలు దిగే దశకు వస్తుంది. అప్పుడు బెట్ట పడితే ఊడ గట్టి నేలలోకి దిగలేదు. ఆకు పచ్చగా నిలిచినా కాయ ఉండదు. గుంటకతో పైమట్టిని కదిలించి నెర్రెలు మూసేయడం, తడి ఆరిపోకుండా కాపాడుకోవడం పాత ఉపాయం. ఈ నెలల్లోనే ఊళ్లలో వాన కోసం మొక్కులు మొదలవుతాయి. కప్పల పెళ్లిళ్లు, గాడిదల పెళ్లిళ్లు, వరద పాయసం వండి బండ మీద పోసుకుని తినడం వంటివి. వాన కోసం ఊరంతా ఒక్కటై ఎదురు చూడటం ఈ నేలకు ఎంత పాతదో ఇవి చెబుతాయి.

సెప్టెంబరు, అక్టోబరు

ఈ ప్రాంతానికి అసలైన వాన నెల సెప్టెంబరు. పడమటి గాలి బలం తగ్గుతుంది. మధ్యాహ్నపు ఎండకు లేచిన మబ్బు సాయంత్రానికి నల్లబడి, ఉరిమి, గంట రెండు గంటల్లో కుండపోతగా కురుస్తుంది. బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాలు దక్షిణాదికి జరిగి వచ్చేదీ అప్పుడే. పుబ్బ, ఉత్తర, హస్త కార్తెల వాన చెరువుల్లోకి, రేగడి నేలల్లోకి నీరు చేరుస్తుంది. పత్తికి, కందికి ప్రాణం పోస్తుంది. అదే వాన తవ్వకానికి వచ్చిన ఉల్లిని కుళ్లబెడుతుంది, పీకి చేలో ఆరబెట్టిన వేరుశనగను మొలకెత్తిస్తుంది. టమాటా ఒక్కసారిగా పండి పత్తికొండ మార్కెట్‌కు పోటెత్తుతుంది. ధర కిలో రూపాయి, రెండు రూపాయలకు పడిపోయి రైతులు పంటను రోడ్డు పక్కన పారబోసిన సందర్భాలు పత్రికల్లో పదేపదే వచ్చాయి. చల్లని గిడ్డంగి, పచ్చడి లేదా గుజ్జు తయారుచేసే కర్మాగారం కోసం అక్కడి రైతులు ఏళ్ల తరబడి అడగడం వెనుక ఉన్నది ఈ వాతావరణమే.

హొళగుంద మండలం దేవరగట్టు మీద దసరా రాత్రి జరిగే బన్నీ ఉత్సవం కర్రల సమరానికి పేరు పడింది. ఆ రాత్రి ముగిసేముందు పూజారి వినిపించే భవిష్యవాణిలో రాబోయే వానల సంగతి, పంటల ధరల సంగతి ఉంటాయి. కొండ కింది ఊళ్లు దాన్ని శ్రద్ధగా వింటాయి. హింగారు (రబీ) విత్తనాలు వేసే ముందర వచ్చే పండుగ కదా.

నైరుతి రుతుపవనాలు అక్టోబరు నడుమకు వెనుదిరుగుతాయి. ఆ తర్వాత వచ్చే వానలు తుపానుల తోక వానలు. ఆదోని పత్తి మార్కెట్‌కు ఇదే ఆయువుపట్టు కాలం. పగిలిన కాయలో దూది తడిస్తే రంగు మారుతుంది, బరువెక్కుతుంది, ధర పడిపోతుంది. యార్డులో కుప్పలోకి తేమ కొలిచే మీటరు కడ్డీని గుచ్చి అంకె చూస్తారు. భారత పత్తి సంస్థ కొనుగోళ్లలో తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర. అక్కడి నుంచి 12 శాతం దాకా కోత. ఆపైన తిరస్కరణ. నవంబరులో రెండు రోజులు ముసురు పట్టిందంటే యార్డు ఆవరణలో, ఇళ్ల మిద్దెల మీద, రోడ్ల మీద పత్తి ఆరబోసి ఉంటుంది. ఆకాశం ఒక రోజు తేటపడితే ఆ ఒక్క రోజు ఎండ విలువ క్వింటాలుకు వందల రూపాయలు.

చలికాలం

చలి ఇక్కడ కొద్ది నాళ్లది. డిసెంబరు, జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత సాధారణంగా 16, 18 డిగ్రీల మధ్య ఉండి, ఉత్తరాది చలిగాలి వచ్చినప్పుడు ఇంకాస్త దిగుతుంది. పగలు 30 డిగ్రీల దాకా ఎండ కాస్తుంది. వాన దాదాపు ఉండదు. రేగడి నేలల్లో అక్టోబరు, నవంబరులో విత్తిన పప్పుశనగ పంట నేల దాచుకున్న తేమతోనూ రాత్రి మంచుతోనూ బతికి ఫిబ్రవరికి చేతికొస్తుంది. ఒక్క తడీ ఇవ్వకుండా పండే ఈ పంట ఈ వాతావరణానికి రైతు కనిపెట్టిన జవాబుల్లో మేలైనది. పుష్య మాసంలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర జరిగేదీ ఈ హాయి రోజుల్లోనే.

ఎమ్మిగనూరు నేత పట్టణం. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం దేశమంతా పేరు తెచ్చుకుంది. గుంట మగ్గానికి వాతావరణంతో సూటి సంబంధం ఉంది. ముసురు పట్టినప్పుడు గుంటలో నీరు ఊరి, పడుగు బిగువు సడలి, పని నిలిచిపోతుంది. ఎండ మరీ ఎక్కువైతే నూలు పొడిబారి పోగులు తెగుతాయి. వానలేక రైతు, వాన వల్ల నేతగాడు ఒకే పట్టణంలో పస్తులున్న సందర్భాలు ఉన్నాయి.

పంట పోయిన ఏడు దసరా దాటగానే కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం, మంత్రాలయం మండలాల ఊళ్లలో ఇళ్లకు తాళాలు పడతాయి. మిరప, పత్తి కోతలకు గుంటూరు వైపు, కూలి పనులకు బెంగళూరుకు కుటుంబాలు తరలిపోతాయి. పిల్లల చదువు సగంలో ఆగిపోతుంది. ఉగాదికి తిరిగొస్తారు. వలసలు ఏ నెలలో మొదలయ్యాయో చూస్తే ఆ ఏడు సెప్టెంబరు వాన ఎలా ఉందో చెప్పేయవచ్చు.

దూరపు వానతో నిండే కాలువలు

సహ్యాద్రి ఆపేసిన వాన మరో దారిన ఈ నేలకు చేరుతుంది. చిక్కమగళూరు కొండల్లో పుట్టిన తుంగ, భద్ర నదులు శివమొగ్గ దగ్గర కూడలిలో కలిసి తుంగభద్ర అవుతాయి. 1953లో పూర్తయిన తుంగభద్ర జలాశయం నుంచి వచ్చే దిగువ కాలువ ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలకు సాగునీరు, తాగునీరు ఇస్తుంది. ఈ కాలువలో ఆంధ్రప్రదేశ్ వాటా 24 టీఎంసీలు. కాలువ ప్రయాణంలో ఎక్కువ భాగం కర్ణాటకలోనే కావడంతో చివరి ఆయకట్టుకు రావలసిన నీరు దారిలోనే తరిగిపోతుంది. మొదట 133 టీఎంసీల దాకా పట్టిన జలాశయం పూడిక వల్ల 105 టీఎంసీల దగ్గరకు కుంచించుకుపోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, నిండిన జలాశయం నుంచి నీరు వృథాగా పోతుంటే ఇక్కడి రైతులు నిద్ర లేకుండా గడిపారు. ఆదోని తాగునీటికి బసాపురంలోని సమ్మర్ స్టోరేజ్ ట్యాంకే దిక్కు. కాలువ మూసిన వేసవిలో ఆ చెరువు మట్టమే పట్టణానికి నీళ్ల లెక్క.

మద్దికెర వైపు పుట్టి కర్నూలు వద్ద తుంగభద్రలో కలిసే హంద్రీ ఈ సీమ సొంత నది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపిస్తుంది. దాని మీద గోనెగండ్ల వద్ద కట్టిన గాజులదిన్నె ప్రాజెక్టుకు దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. సామర్థ్యం 4.5 టీఎంసీలు. స్థానిక వానతో అది నిండే ఏళ్లు తక్కువ. శ్రీశైలం వెనుక జలాల నుంచి మల్యాల దగ్గర ఎత్తిపోసే హంద్రీ-నీవా నీరు వచ్చాక పరిస్థితి కొంత మారింది. పత్తికొండ మండలంలో పందికోన జలాశయం నిండింది. పిల్ల కాలువలు చాలాచోట్ల పూర్తి కాకపోవడం వల్ల జలాశయం పక్కనే మెట్టచేలు మెట్టచేలుగానే ఉండిపోవడం బాధ కలిగించే విషయం. పత్తికొండ, డోన్ ప్రాంతాల్లో 68 చెరువులను హంద్రీ-నీవా నీటితో నింపే ఎత్తిపోతల పథకం 2023లో మొదలైంది.

కరువులు, వరదలు

తుగ్గలి దాపున ఎర్రగుడి బండల మీద చెక్కిన అశోకుని శాసనాల్లో బాటల వెంట బావులు తవ్వించి, చెట్లు నాటించిన సంగతి ఉంది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నాటి ఆ మాట ఈ నేలకు నేటికీ అవసరమే. 1827 జూలై 6న మద్రాసు గవర్నర్ థామస్ మన్రో పర్యటనలో ఉండగా పత్తికొండలో కలరాతో మరణించాడు. ఆయన జ్ఞాపకార్థం ప్రభుత్వం ఆ ఊరిలో ఒక తోపు నాటించి, మెట్ల బావి కట్టించింది.

1876లో వచ్చిన ధాత కరువు ఈ ప్రాంత చరిత్రలో అతి ఘోరమైనది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ మొహం చాటేశాయి. పత్తికొండ అప్పటి కర్నూలు జిల్లాలో, ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేవి. కర్నూలు జిల్లా జనాభా 1871లో 9,14,000 దాటగా, 1881 జనగణనలో 6,79,000కు దిగువకు పడిపోయింది. నలుగురిలో ఒకరు లేకుండా పోయారన్నమాట. 1950ల తొలి ఏళ్లలో గంజి కేంద్రాలు నడిపిన కరువును ముసలివాళ్లు గంజి కరువని చెప్పుకునేవారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరింది ఆ రోజుల్లోనే.

వాతావరణపు రెండు ముఖాలూ ఒకే ఏట కనిపించింది 2009లో. ఆ ఏడు దేశవ్యాప్తంగా నైరుతి వాన 22 శాతం తక్కువ. ఇక్కడ ముంగారు పైర్లు మాడిపోయాయి. సెప్టెంబరు ఆఖరున వాయుగుండం ప్రభావంతో తుంగభద్ర, హంద్రీ పరీవాహకాల్లో రోజుల తరబడి వాన దంచికొట్టింది. తుంగభద్ర ఒడ్డున మంత్రాలయం మునిగిపోయింది. అక్టోబరు 2న కర్నూలు నగరంలో మిద్దెల దాకా నీరు చేరింది. శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఎండిన పైరును నమోదు చేసుకునేందుకు తయారవుతున్న ఊళ్లు వారం తిరక్కుండా కొట్టుకుపోయిన పైరును చూపించాల్సి వచ్చింది. ఆ ఏడాది చివర వేసే సగటులో ఈ రెండు దెబ్బలూ ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి.

2023 మరో మచ్చు. దేశంలో 1901 తర్వాత అత్యంత పొడి ఆగస్టు ఆ ఏటిదే. పసిఫిక్ మహాసముద్రంలో ఎల్‌నినో బలపడిన సంవత్సరమది. అదే ఏడు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన 103 కరువు మండలాల్లో 24 కర్నూలు జిల్లావే.

వాన లెక్క

వర్షపాతాన్ని మండల కేంద్రాల్లో కొలిచి, మండల సగటుగా ప్రకటిస్తారు. కరువు ప్రకటనకు వాన లోటుతో పాటు మూడు నాలుగు వారాల ఎడతెగని బెట్టను, సాగు విస్తీర్ణాన్ని, పంట స్థితిని చూస్తారు. ఈ పద్ధతిలో బెట్టకు చోటు దక్కడం మంచి మార్పు. అయితే ఇక్కడి సెప్టెంబరు వాన మబ్బు నిలిచిన మేరకే పడుతుంది. మండల కేంద్రంలో 40 మిల్లీమీటర్లు నమోదైన సాయంత్రం అయిదు కిలోమీటర్ల అవతలి పల్లెలో దుమ్ము కూడా అణగకపోవచ్చు. ఆ పల్లె రైతుకు బీమా, పెట్టుబడి రాయితీ దక్కేది లేనిదీ తన చేనులో పడని ఆ వానే తేలుస్తుంది. ఊరికొక వానకొలత పెట్టి, నెల మొత్తంతో పాటు వానకూ వానకూ మధ్య ఎడాన్ని తేదీలతో నమోదు చేయడం ఇక్కడి వాతావరణాన్ని ఉన్నదున్నట్టు రాసిపెట్టగల పద్ధతి. గ్రామ సచివాలయాలు, రైతు కేంద్రాలు ఏర్పడ్డాక అందుకు కావలసిన మనుషులు, గది, రిజిస్టరు చాలా ఊళ్లలో ఉన్నాయి.